దాచుకుంటే తగ్గదు, సంచి తీస్తే పోదు

(మార్చి 8 మహిళా దినం సందర్భంగా షోలాపూర్ తూర్పు భాగంలో జరిగిన మహిళా కార్మికుల సభలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం పూర్తి పాఠం ఇస్తున్నాం.)

అక్కలారా, చెల్లెళ్ళారా, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలారా,

ప్రతి ఏడాదీ ఈ రోజున బోనస్ గురించి, కనీస వేతనం గురించి, ప్రావిడెంట్ ఫండ్ గురించి మాట్లాడుతాను. ఈసారి ఆ మాటలన్నీ అధ్యక్షులు మాట్లాడేశారు, నాకు ఆ పని తప్పింది. నేను వేరే సంగతి ఎత్తుతాను. దగ్గితే, తుమ్మితే, కండెల గంప ఎత్తితే బట్టలో మూత్రం పడటం గురించి. కింద ఏదో బరువుగా జారి వస్తున్నట్టు ఉండటం గురించి. అన్నల్లో ఇద్దరు ముగ్గురు చెప్పులు వెతుక్కుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది. కూర్చోండి. ఇది మీ ఇండ్లల్లో ఉన్న సంగతే. మీకు చెప్పలేదు, అంతే.

పోయిన వానాకాలం ఒక చెల్లె యూనియన్ ఆఫీసుకు వచ్చింది. టవళ్ళ కార్ఖానాలో అంచులు కుట్టి గట్టలు కట్టే పని. తొమ్మిది రోజులు చలిజ్వరంతో పడుకుంటే సేఠ్ ఆమె జాగాలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. పని తిరిగి ఇప్పించమని అడగడానికి వచ్చింది. అర్జీ రాసుకుంటూ, జ్వరం ఎందుకొచ్చింది అని అడిగాను. తల వంచుకుంది. కుర్రవాణ్ణి టీకి పంపి తలుపు దగ్గరికి వేసి మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది. "అక్కా, రెండేండ్ల సంది గట్ట ఎత్తితే లంగా తడుస్తుంది. వాసన వస్తదని పక్కన కూసునే పిల్ల దూరం జరిగి కూసుంటుంది. గందుకే పొద్దటి సంది నీళ్ళు తాగ. ఇంటికి పోయినంక తాగుత."

నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడింది, మంట పట్టింది, ఆ తర్వాత చలిజ్వరం. అదీ తొమ్మిది రోజుల కథ. ఇంకో మాట కూడా చెప్పింది. పుస్తెల తాడు కుదువబెట్టి గర్భసంచి తీయించుకుంటానంది. ఒక నర్సింగ్ హోములో అట్లా చెప్పారట, మేనత్త కూడా తీయించుకుందట. వయసు ఎంత అంటే ముప్పై నాలుగు.

పని సంగతి నాలుగు రోజుల్లో తేలింది, అది మనకు అలవాటైన పోరాటమే. రెండో సంగతి తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ రోజు చెప్పేది ఆ రెండో దాని గురించే.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. మనం "సంచి, సంచి" అంటాం. లోపల ఒకటి కాదు, రెండు సంచులున్నాయి. ముందు వైపు మూత్రపు సంచి, దాని వెనక గర్భసంచి, ఇంకా వెనక మలం పేగు. కారేది మూత్రపు సంచి. తీసేస్తామని వాళ్ళు అనేది గర్భసంచి. కుళాయి కారుతుంటే పక్కింటి బిందె పగలగొట్టినట్టు ఉంది ఈ వైద్యం.

ఈ మూడూ దేని మీద ఆని ఉంటాయి? మన నులక మంచం తలుచుకోండి. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు నులక అల్లినట్టు అల్లి ఉంటాయి. మూత్రద్వారాన్ని బిగించి పట్టేది కూడా ఆ అల్లికే. కాన్పులో బిడ్డ దాని మధ్య నుంచే వస్తుంది, అప్పుడు అది సాగుతుంది, కొందరికి తెగుతుంది కూడా. చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ సర్దుకుంటుంది. సర్దుకునే లోపే మనం గంప ఎత్తుతాం. నులక వదులైన మంచం మీద మనిషి కిందికి దిగినట్టు లోపలివి కూడా దిగుతాయి. మూత్రపు సంచి దిగవచ్చు, గర్భసంచి దిగవచ్చు, పేగు దిగవచ్చు, రెండు కలిసి కూడా దిగవచ్చు. నులక వదులైతే ఏం చేస్తాం? పండుకున్న మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొడతామా, నులక బిగిస్తామా?

కాన్పు ఒక్కటే కారణం కాదు. నెలసరి ఆగిపోయిన తర్వాత ఆ భాగంలో కండ పలచబడుతుంది. మలబద్ధకంతో రోజూ ముక్కితే వదులవుతుంది. ఒళ్ళు పెరిగినా అంతే. బరువు ఎత్తడం సరేసరి. ఇక మన వృత్తిది ప్రత్యేకంగా ఒకటి ఉంది, దగ్గు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే జబ్బుకు బిసినోసిస్ అని పేరు. సెలవు తర్వాత మొదటి రోజు పనికి పోగానే ఛాతీ పట్టేస్తుంది చూడండి, అదే దాని గుర్తు. పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో చట్టమే దాన్ని రాసింది. మగవాడికి దగ్గు వస్తే ఛాతీ నొప్పి. ముగ్గురు పిల్లల తల్లికి దగ్గు వస్తే ఛాతీ నొప్పితో పాటు ప్రతి దగ్గుకూ కింద దెబ్బ. రోజుకు వంద సార్లు దగ్గితే వంద దెబ్బలు. బీడీలు చుట్టే మన అక్కలకు తంబాకు దుమ్ముతో ఇదే గతి. ఈ లెక్క ఏ సేఠ్ రిజిస్టరులోనూ ఉండదు.

నా సంగతి కూడా చెప్తాను, లేకపోతే ఈమెకేం తెలుసు అనుకుంటారు. మిల్లులో వైండింగ్ ఖాతాలో ఉన్నప్పుడే నాకు మూడో కాన్పు అయింది. మిల్లు మూతబడింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పొయ్యి మీద ఏమీ లేదు. నెల తిరగకముందే కండెలు చుట్టడానికి వేరే కార్ఖానాకు పోయాను. తర్వాత పదకొండేళ్ళు దాచుకున్నాను. సాయంత్రానికి కింద ఉండ లాంటిది తగిలేది, పండుకుంటే లోపలికి పోయేది. మా ఆయనకు కూడా చెప్పలేదు. యూనియన్లో అందరి హక్కుల గురించి గొంతు చించుకునే మనిషిని, నా ఒంటి సంగతి డాక్టరుకు చెప్పడానికి పదకొండేళ్ళు పట్టింది. సిగ్గు అంత గట్టిది.

మన మహారాష్ట్రలోనే గడ్చిరోలి జిల్లా ఉంది. అవతలి గట్టున తెలంగాణ, సిరొంచ వైపు మన తెలుగు వాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ డాక్టర్ రాణీ బంగ్ గారు, వారి బృందం రెండు ఊళ్ళలో 650 మంది ఆడవారిని పరీక్ష చేసి 1989లో ఫలితం ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్న వారు నూటికి 8 మంది. రోగం అందరికీ ఉంది, నోరు ఎవరికీ లేదు.

ఇప్పుడు వైద్యానికి వస్తాను. ముందు మీది ఏ రకమో తెలుసుకోవాలి. దగ్గినా, నవ్వినా, బరువెత్తినా పడితే అది ఒక రకం, నులక వదులైన రకం. ఒక్కసారిగా తన్నుకొచ్చి, పాయఖానా తలుపు దాకా పోయేలోపే అయిపోతే అది ఇంకో రకం, మూత్రపు సంచే వేళ కాని వేళ బిగుసుకుంటుంది. రెండూ కలిసి ఉన్నవారు చాలామంది. రాత్రీ పగలూ ఆగకుండా కారుతుంటే, ముఖ్యంగా కష్టమైన కాన్పు తర్వాత గాని ఆపరేషన్ తర్వాత గాని మొదలైతే, లోపల రంధ్రం పడి ఉండవచ్చు. దానికి మాత్రం వ్యాయామాలు అంటూ కూర్చోకూడదు, పెద్దాసుపత్రికే పోవాలి. మాటిమాటికీ పోవలసి వస్తుంటే ముందు షుగర్ పరీక్ష, మూత్రం పరీక్ష చేయించుకోండి. సగం అనుమానాలు అక్కడే తీరుతాయి.

మొదటి వైద్యానికి ఖర్చు లేదు. 1948లో మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం, ఈ.ఎస్.ఐ. చట్టం వచ్చాయి. అదే సంవత్సరం అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వైద్యుడు ఈ కండరాలను వ్యాయామంతో తిరిగి గట్టిపరచవచ్చని రాశాడు. ఇన్నేళ్ళైనా మొదటి వైద్యం అదే. దగ్గితే పడే రకానికి కనీసం మూడు నెలలు నేర్పించి చేయించిన తర్వాతే మిగతావి ఆలోచించమని పెద్ద పెద్ద దేశాల వైద్య నియమాల్లో కూడా ఉంది.

ఎట్లా చేయాలంటే, నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా బిగపడతాం కదా, నవ్వకండి, అందరం చేసేదే, అట్లా బిగపట్టి దానితో పాటే మూత్రాన్ని కూడా ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగాలి. కడుపు, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. పక్కనున్న మనిషికి మీరు చేస్తున్నట్టు తెలియకూడదు, తెలిసిందంటే తప్పు చేస్తున్నారన్న మాట. ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టి, అంతే సేపు వదలాలి. వదలడం కూడా పనే, పూర్తిగా వదలాలి. అట్లా ఎనిమిది నుంచి పది సార్లు. రోజుకు మూడు పూటలు. కొన్ని వారాలు పోయాక పది అంకెల దాకా పట్టవచ్చు. మొదట్లో పండుకుని చేయండి, తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి. మన షోలాపూర్లో మిల్లు భోంగా మోగే రోజుల్లో అయితే భోంగాకొకసారి చేయమని చెప్పేదాన్ని. ఇప్పుడు పొద్దున్న పొయ్యి వెలిగించేటప్పుడు, మధ్యాహ్నం డబ్బా విప్పే ముందు, రాత్రి పడక మీద అని గుర్తు పెట్టుకోండి.

మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చూడటం ఒకసారి కండరం ఏదో తెలుసుకోవడానికి పనికొస్తుంది. రోజూ అట్లా చేయవద్దు, సంచి పూర్తిగా ఖాళీ కాదు. మరో కిటుకు ఉంది. దగ్గు వస్తున్నట్టు తెలియగానే, గంప ఎత్తబోయే ముందే, ఆ కండరాన్ని బిగించాలి. బిగించి దగ్గాలి, బిగించి ఎత్తాలి. పదిహేను రోజుల్లో అలవాటైపోతుంది.

ఆ చెల్లెకు సివిల్ ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి గర్భసంచికి ఏమీ కాలేదని చెప్పింది. మంటకు మందులు ఇచ్చింది, ఈ వ్యాయామం నేర్పించింది. మొదటి నెల ఏమీ తేడా లేదని నా మీద కోపం చేసింది. రెండో నెలలో తగ్గినట్టుందంది. నాలుగో నెలకు లంగా మార్చే పని లేకుండా పాళీ అంతా గడుస్తోంది. గట్టిగా తుమ్మితే ఇప్పటికీ ఒకోసారి చుక్క పడుతుందట. పుస్తెల తాడు మాత్రం మెడలోనే ఉంది.

రెండో రకానికి, అంటే తన్నుకొచ్చే రకానికి, మూత్రపు సంచికి వేళ నేర్పాలి. గంటకోసారి పోయే మనిషి ముందు గంటా పది నిమిషాలు, తర్వాత గంటన్నర, అట్లా జరుపుకుంటూ రెండున్నర మూడు గంటలకు తేవాలి. తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి, కండరం బిగించి, ఆ తోపుడు తగ్గాక నడిచి పోవాలి. కనీసం ఆరు వారాలు పడుతుంది. టీ తగ్గిస్తే మేలు, అది తొందర పెంచుతుంది. మన కార్ఖానాల్లో రోజుకు ఆరు టీలు తాగేవాళ్ళున్నారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఈ ఆపుకునే వైద్యం మాటిమాటికీ పోయే వారికి మాత్రమే. పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చేదాకా అసలు పోని అక్కలు మనలో సగం మంది. వాళ్ళకు వైద్యం దీనికి ఎదురు. మూడు నాలుగు గంటలకోసారి పోవాలి, నీళ్ళు తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలినట్టు. ముదురు రంగులో, ఘాటు వాసనతో ఉంటే చాలనట్టు. వాసన పోవాలని నీళ్ళు మానేస్తున్నాం, నీళ్ళు మానేయడం వల్లే వాసన పెరుగుతోంది. అదే మలబద్ధకం తెస్తుంది, మలబద్ధకం నులకను ఇంకా వదులు చేస్తుంది.

మందులున్నాయి, కాని అవి తన్నుకొచ్చే రకానికే. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరొడిన్, సోలిఫెనాసిన్ అనేవి ఒక జాతి మందులు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్ద వయసు వారికి మతిమరుపు, తికమక కలగవచ్చు. మిరాబెగ్రాన్ అని ఇంకొకటి ఉంది, అది వేసుకునే వారు బి.పి. చూపించుకుంటూ ఉండాలి. దగ్గితే పడే రకానికి ఈ గోళీలు వేసి డబ్బు పోసుకోవద్దు. నెలసరి ఆగిపోయిన వారికి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము కొందరికి మేలు చేస్తుంది, డాక్టరు చూసి రాయాలి.

గర్భసంచి జారిన వారికి ఆపరేషన్ కంటే ముందు ఇంకొకటి ఉంది, చాలామందికి దాని పేరే తెలియదు. పెసరీ అంటారు. మెత్తటి సిలికాన్ రింగు. డాక్టరు కొలత చూసి లోపల పెడతారు, జారిన దాన్ని అది పైన ఆపి పడుతుంది. నేను నాలుగేళ్ళు పెట్టుకున్నాను. మొదటి కొలత సరిపోక రెండు రోజుల్లో జారిపోయింది, రెండోది కుదిరింది. పెట్టుకున్నట్టు నాకే తెలిసేది కాదు. దాన్ని తీసి కడుక్కోవడం కొందరికి నేర్పుతారు, లేదంటే చెప్పిన గడువుకు పోయి మార్పించుకోవాలి. పెట్టించుకుని మరిచిపోతే లోపల పుండు పడుతుంది. తెల్లబట్ట గాని రక్తం గాని కనిపిస్తే వెంటనే పోవాలి. కొద్దిగా జారినప్పుడు వ్యాయామం చేసినా బరువు తగ్గుతుంది. పూర్తిగా బయటికి వచ్చినదాన్ని వ్యాయామం లోపలికి తీసుకుపోదు, అది నిజం చెప్పాలి.

తర్వాత ఆపరేషన్. నేను ఆపరేషన్లకు విరోధిని కాను, నాకూ చివరికి అయింది. కాని ఆపరేషన్ అంటే ఒకటి కాదు. దగ్గితే పడే రకానికి మూత్రనాళం కింద పట్టీ వేసి ఆనిస్తారు, ఆ పట్టీ ప్లాస్టిక్ జాలీది కావచ్చు, మన ఒంటి కండ పొర నుంచి తీసినది కావచ్చు. జాలీ వేస్తామంటే అడగండి, నొప్పి వస్తే తీయగలరా అని. ఇంగ్లండులో 2018లో ఆ రకం జాలీ పట్టీలను ఆపి ఉంచారు. జారిన దానికి కింది దారి నుంచి వేసే జాలీల అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్లో ఆపించింది. లోపల కోసుకుని బాధపడిన వారు వేలల్లో ఉన్నారు. జారినదానికి సాగిన గోడలను కుట్టి బిగించే ఆపరేషన్ ఉంది. పిల్లలు ఇంకా కావాలనుకునే చిన్న వయసు వారికి గర్భసంచి తీయకుండానే పైకి లాగి కట్టే ఆపరేషన్ ఉంది. అది ఎక్కడో విదేశం నుంచి వచ్చినది కూడా కాదు. బొంబాయి డాక్టర్లు షిరోడ్కర్, పురందరే గార్ల పేర్లతోనే ఆ పద్ధతులను పిలుస్తారు. బాగా జారిన పెద్ద వయసు వారికి గర్భసంచి తీసి పైభాగాన్ని కట్టడం కూడా సరైన వైద్యమే కావచ్చు. ఏది చేసినా కొందరికి మళ్ళీ దిగుతుంది. చేసిన తర్వాత ఆరు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు బరువు ఎత్తకూడదు.

అంతేగాని మూత్రం పడుతోందంటే సంచి తీయడం, తెల్లబట్ట అంటే సంచి తీయడం, నడుం నొప్పి అంటే సంచి తీయడం, ఇది వైద్యం కాదు. తెల్లబట్టకు చాలాసార్లు మందులతో నయమవుతుంది. "తీయకపోతే క్యాన్సర్ అయితది" అని భయపెడితే, క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్ష వేరే ఉంది, అది చేయించండి అని అడగండి. చిన్న వయసులో సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే నెలసరి ముగిసిన ముసలితనం వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి.

దీంట్లో మన తెలుగు వాళ్ళమే ముందున్నాం, అది గొప్ప కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో సంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మనం ఇక్కడ పుట్టి పెరిగినా సంబంధాలు కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపే. అక్కడి నుంచి వచ్చిన కోడలు, ఇక్కడి నుంచి పోయిన ఆడబిడ్డ ఈ సలహాను కూడా మోసుకుని తిరుగుతున్నారు. మన రాష్ట్రంలో బీడ్ జిల్లా చెరకు కోసే ఆడవారి సంగతి 2019లో పేపర్లలో వచ్చింది. ఒక రోజు పని మానితే ముకద్దం జరిమానా వేస్తాడు, నెలసరికి, నొప్పికి పని మానకుండా ఉండటానికి పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ ఆడవారు సంచులు తీయించుకున్నారు. ప్రభుత్వం విచారణ కమిటీ వేయవలసి వచ్చింది. 2023 ఏప్రిల్లో సుప్రీం కోర్టు కూడా అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. పని కోసం ఒంట్లో భాగం కోయించుకోవడం చెరకు తోటకే పరిమితం అనుకోకండి. మన చెల్లె పుస్తెలు కుదువబెట్టబోయింది కూడా గట్ట ఎత్తే పని పోకూడదనే కదా.

కాబట్టి ఎవరైనా ఆపరేషన్ అనగానే మూడు మాటలు అడగండి. నా జబ్బు పేరేమిటి, కాగితం మీద రాసివ్వండి. ఆపరేషన్ కాకుండా ఏమున్నాయి. ఆరు నెలలు ఆగితే ప్రాణానికి ప్రమాదమా. ఆ కాగితంతో సివిల్ ఆస్పత్రిలో ఇంకో డాక్టరుకు చూపించండి. మూత్రంలో రక్తం పడినా, నెలసరి ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా బిగిసిపోయినా, మంటతో చలిజ్వరం వచ్చినా, మూత్రంతో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినా మాత్రం ఆగవద్దు, ఆ రోజే పోవాలి.

ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి ఇవన్నీ ఉచితంగా అందవలసినవి. ఆపరేషన్ అయితే సిక్ లీవు కింద ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో నూటికి 70 వంతులు వస్తుంది. కాన్పుకు 26 వారాల దాకా. కార్డు లేనివారి పేర్లు ఈ రోజు రాసుకుంటున్నాం, ఎందుకు లేదో సేఠ్‌ను మేం అడుగుతాం.

ఇక పాయఖానాల సంగతి. ఆడవారికి వేరుగా, మూసి ఉన్న మరుగుదొడ్లు ఉండాలని 1948 చట్టం 19వ సెక్షన్‌లో ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది, పది మంది పనిచేసే చోట ఆ బాధ్యత అందులో కూడా ఉంది. పది మంది కాకుండా ఉండటానికి ఒకే షెడ్డును ముగ్గురి పేర్ల మీద రాసిన సేఠ్‌లు మనకు తెలుసు. కడుపులో మూత్రానికి షెడ్డు ఎవరి పేరు మీద ఉందో తెలియదు. అందుకని ఈసారి డిమాండ్ల కాగితంలో బోనస్ కింద నాలుగు వరుసలు అదనంగా రాశాం. ఆడవారికి గడియ ఉన్న, నీళ్ళున్న పాయఖానా. పాళీలో రెండు సార్లు పోవడానికి కూలి కోత లేని టైము. గంపలకు, గట్టలకు చక్రాల బండి, లేదా ఎత్తడానికి ఇద్దరు మనుషులు. దుమ్ము లాగే పంకాలు. కమిటీలో ఒక అన్న "ఇవి డిమాండ్లా?" అన్నారు. వాళ్ళ ఇంటావిడ పక్కనే ఉండి "మొదటివి అవే" అన్నది. ఆ తర్వాత చర్చ జరగలేదు.

అన్నలకు ఒక్క మాట. ఇంట్లో నీళ్ళ బిందె మీరు ఎత్తండి, కాన్పైన ఇంట్లో మరీ. ఆస్పత్రికి తోడు పొండి, బయట కూర్చున్నా సరే. "ఈ వయసులో ఇదేం రోగం" అనకండి.

ఇప్పుడు టీ ఇస్తారు. అన్నలంతా కప్పులు తీసుకుని బయట చెట్టు కిందికి పొండి, పిల్లల్ని కూడా తీసుకుపొండి, అరగంట దాకా లోపలికి రావద్దు. నర్సమ్మ వచ్చి కూర్చున్నారు, వ్యాయామం సరిగ్గా పడుతోందో లేదో ఆమె చూపిస్తారు. అడగడానికి సిగ్గైన వారికి తలుపు దగ్గర పాత కండెల డబ్బా పెట్టాం. చీటీ మీద పేరు లేకుండా ప్రశ్న రాసి వేయండి. రాయడం రాని పెద్దమ్మలు నా చెవిలో చెప్పండి, నేను రాస్తాను. తలుపు దగ్గరికి వేయి చెల్లె.